బరువు ఎత్తితే నడుము పోతుందా, నిలుస్తుందా?

క్లుప్తంగా: వెన్నెముక బరువుకు అలవాటు పడగల నిర్మాణం. ఎత్తే బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంది, నడుము చుట్టూ ఉన్న కండరాలు దాన్ని ఎంత గట్టిగా పట్టి ఉంచుతున్నాయి, ఆ బరువు ఎన్ని వారాల మీద పెరుగుతూ వచ్చింది అన్నవి శిక్షణలో చూసుకోవలసిన మూడు ముఖ్య విషయాలు. ‘వెన్ను నిటారుగా పెట్టు’ అన్న సూచన తప్పు కాదు గానీ, దాన్ని చాలామంది అర్థం చేసుకునే తీరులో పొరపాటుంది.

నడుము నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లినవారి చీటీలో మందుల కింద తరచూ ఒక వాక్యం ఉంటుంది: బరువులు ఎత్తరాదు, ముందుకు వంగరాదు. అదే మనిషి నొప్పి తగ్గాక వీధి చివరి జిమ్‌లో చేరితే ట్రైనర్ మొదటి వారంలోనే డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడుతూ పైకి లేపే వ్యాయామం) నేర్పిస్తానంటాడు, నడుముకు దాన్ని మించిన మందు లేదంటాడు. ఫోన్ తెరిస్తే మూడో వాదన ఎదురవుతుంది. అసలు వెన్ను ఎలా ఉంచినా ఫరవాలేదు, భంగిమ గురించిన భయమే నొప్పికి మూలం అని. ముగ్గురి దగ్గరా పరిశోధనల ఆధారాలు ఉన్నాయి. సగం ఆధారాలే ఉన్నాయనడం ఇంకా సరైన మాట.

ఈ గందరగోళం చిన్నదేమీ కాదు. ప్రపంచవ్యాప్త వ్యాధిభారం అంచనాల ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చు. మనుషుల్ని పనికి దూరం చేసే సమస్యల్లో దీనిది మొదటి స్థానం. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలంటున్నాయి. ఎత్తొద్దన్న మాటకూ ఎత్తమన్న మాటకూ పొత్తు ఎక్కడ కుదురుతుందో తెలియాలంటే ముందు వెన్నెముక నిర్మాణం చూడాలి.

నిటారు అంటే కర్ర కాదు

వెన్నులో మొత్తం 33 పూసలు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 విడివిడిగా కదులుతాయి. వాటి కింద ఉండే త్రికం 5 పూసలు ఒక్కటిగా అతుక్కుపోయిన ఎముక, చివర తోక ఎముక. పక్క నుంచి చూస్తే ఈ వరస మెడ దగ్గర లోపలికి, వీపు దగ్గర బయటికి, నడుము దగ్గర మళ్లీ లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ‘న్యూట్రల్ స్పైన్’ అని ట్రైనర్లు అనేది ఈ మూడు వంపులూ తమ సహజ స్థితిలో ఉండటాన్నే. ‘నిటారుగా’ అన్న తెలుగు మాట విని చాలామంది ఛాతీ ముందుకు పొడిచి, నడుమును విల్లులా వెనక్కి వంచేస్తారు. అది న్యూట్రల్ కాదు, అటువైపు చివర. గూని పెట్టడం ఒక చివరైతే ఇది రెండో చివర.

పూసకీ పూసకీ మధ్య డిస్క్ ఉంటుంది. లోపల జిగటగా ఉండే గుజ్జు, చుట్టూ ఉల్లిపాయలా పొరలు పొరలుగా నార. ఒక పొరలోని నార ఒకవైపు ఏటవాలుగా ఉంటే పక్క పొరలోది దానికి ఎదురు దిశలో ఉంటుంది, నులక మంచం అల్లికలాగా. పైనుంచి నిలువునా పడే ఒత్తిడిని ఈ అల్లిక గొప్పగా తట్టుకుంటుంది. మెలి తిరిగినప్పుడు మాత్రం ఒక దిశలో ఉన్న పొరలు బిగిసి, ఎదురు దిశలోవి వదులవుతాయి. అంటే సగం నారే భారం మోస్తుంది. వంగి, ఆ వంపులోనే పక్కకు తిరిగి బకెట్ లేపినప్పుడు నడుము పట్టేయడం వెనక ఉన్న ఒక కారణం ఇదే.

‘డిస్క్ జారింది’ అనే వాడుక కూడా కొంత అపార్థానికి దారి తీసింది. డిస్క్ కిందా పైనా పూసలకు గట్టిగా అంటుకుని ఉంటుంది. సబ్బుబిళ్లలా అది జారిపోదు, దాన్ని ఎవరూ చేత్తో నొక్కి లోపలికి పెట్టలేరు. జరిగేది నార పొరల్లో పగుళ్లు పడి లోపలి గుజ్జు వెనక్కి ఉబకడం. అలా ఉబికిన భాగం చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుంది.

పాతిక కిలోల బస్తా లెక్క

బరువు ఎత్తడంలో భంగిమ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి బియ్యం బస్తా చాలు. వెన్నెముక వెనక ఉన్న కండరాలు నడుము కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతాయి. ఎత్తే వస్తువేమో ముందు వైపు అంతకు ఎన్నో రెట్లు దూరంలో ఉంటుంది. త్రాసుకు ఒకవైపు కాడ పొడుగ్గా, రెండో వైపు పొట్టిగా ఉన్నట్టన్నమాట. పొట్టి కాడ వైపు ఉన్న కండరం ఎంతో ఎక్కువ లాగితే తప్ప తూకం నిలవదు.

70 కిలోల మనిషిలో నడుముకు పైనున్న భాగమే దాదాపు 40 కిలోలు. ఆ మనిషి మోకాళ్లు వంచకుండా, నడుము నుంచి వంగి 25 కిలోల బస్తాను అర మీటరు దూరంలో పట్టుకున్నాడనుకుందాం. బస్తా వల్ల 25 × 50, అంటే 1250. మొండెం బరువు పాతిక సెంటీమీటర్లు ముందుకు వాలిందనుకుంటే 40 × 25, అంటే 1000. మొత్తం 2250ని 5తో భాగిస్తే వెన్ను కండరాలు లాగవలసిన బలం 450 కిలోలు. ఇప్పుడు అదే మనిషి మోకాళ్లు వంచి, బస్తాను కాళ్ల మధ్యకు తెచ్చుకుని, పొట్టకు పాతిక సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, మొండెం వాలును 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే లెక్క 245కు దిగుతుంది. బస్తా మారలేదు, భారం సగానికి వచ్చింది. కదలికలో వచ్చే కుదుపును ఈ లెక్క పట్టించుకోదు గానీ దిశ మాత్రం సరైనదే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బస్తా లేకపోయినా మొండెం ఒక్కటే 200 కిలోల లాగుడు కోరుతోంది. కింద పడిన పెన్ను తీయబోయి నడుము పట్టేసిందంటే నవ్వాల్సిన పని లేదు.

దీన్ని మనిషి శరీరంలో నేరుగా కొలిచారు కూడా. జర్మనీలోని ఉల్మ్‌లో హన్స్ యోఆకిమ్ విల్కే బృందం 70 కిలోల ఒక వాలంటీరు నడుములోని డిస్క్‌లోకి సన్నని సెన్సర్ పంపి, రోజువారీ పనుల్లో ఒత్తిడిని నమోదు చేసి 1999లో ప్రచురించింది. ఒత్తిడిని కొలిచే మెగాపాస్కల్ లెక్కలో, పడుకున్నప్పుడు 0.1, నిలబడినప్పుడు 0.5. 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. మోకాళ్లు వంచి లేపితే 1.7. నడుము గుండ్రంగా వంచి లేపితే 2.3. ఆ చివరి అంకె కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి సుమారు పది రెట్లు. కొలిచింది ఒక్క మనిషినే కాబట్టి అంకెల్ని అందరికీ అంటగట్టకూడదు. వాటి మధ్య తేడాలు మాత్రం చాలా చెబుతాయి.

ఆ మాటకొస్తే ఒత్తిడి ఎక్కువైనంత మాత్రాన హాని జరుగుతుందనీ లేదు. పోటీల్లో డెడ్‌లిఫ్ట్ చేసే పవర్‌లిఫ్టర్ల నడుము పూసలపై పడే నొక్కుడు బలం 17 వేల న్యూటన్ల (పది న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బరువు) దాకా వెళ్లినట్టు 1991లో కెనడా పరిశోధకులు లెక్కగట్టారు. పని ప్రదేశాల కోసం అమెరికా సంస్థ నియాష్ పెట్టిన జాగ్రత్త హద్దు 3,400 న్యూటన్లు. అయిదు రెట్లు! ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చిన వెన్నుకూ, పండగ ముందు బీరువా జరపబోయిన వెన్నుకూ ఉన్న తేడా అది.

కదిలించే కండరం, కదలనివ్వని కండరం

చేతి కండ గురించి ఆలోచించే పద్ధతిలోనే నడుము కండరాల గురించి ఆలోచించడం జిమ్‌లలో బాగా కనిపించే పొరపాటు. మోచేతిని వంచడం చేతి కండ పని, కాబట్టి వంచితే బలపడుతుంది. పొట్ట కండరాలు మొండాన్ని వంచగలవు కాబట్టి వందల కొద్దీ సిటప్‌లు చేయించడం దాని కొనసాగింపే. కానీ నడుము చుట్టూ ఉన్న కండరాల ముఖ్యమైన పని వేరు. చేతులూ కాళ్లూ కదులుతున్నప్పుడు, మోస్తున్నప్పుడు, తోస్తున్నప్పుడు మధ్యభాగం చెదరకుండా పట్టి ఉంచడం.

కండరాలన్నీ తీసేసి, ఎముకలూ వాటిని పట్టుకున్న బంధాలూ మాత్రమే మిగిల్చిన నడుము భాగంపై ప్రయోగశాలలో బరువు పెడితే సుమారు 90 న్యూటన్లకే, అంటే 9 కిలోలకే, అది పక్కకు ఒరిగిపోతుంది. జెండా కొయ్యను నాలుగు వైపులా తాళ్లతో లాగి కట్టినట్టు కండరాలు దాన్ని నిలబెడుతున్నాయి. ఒక తాడు బిగువుగా, ఎదురుది వదులుగా ఉంటే కొయ్య ఎంత గట్టిదైనా వాలుతుంది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహర్ పంజాబీ 1992లో దీన్ని ఒక సిద్ధాంతంగా అమర్చారు: ఎముకలు, బంధాలు ఒక వ్యవస్థ, కండరాలు రెండోది, ఏ తాడు ఎప్పుడు ఎంత బిగించాలో చెప్పే నాడీ నియంత్రణ మూడోది. ఒకటి బలహీనపడితే మిగిలిన రెండూ కొంతవరకు సర్దుకుంటాయి.

మూడోదాని ప్రాధాన్యం కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం రికార్డు చేసిన ఒక సంఘటనలో స్పష్టంగా కనిపించింది. పవర్‌లిఫ్టర్లు బరువు లేపుతుండగా ఎక్స్‌రే వీడియో తీస్తున్నప్పుడు ఒకరికి అక్కడికక్కడే నడుము పట్టేసింది. వీడియో పరిశీలిస్తే వెన్నంతా స్థిరంగానే ఉంది, ఒక్క పూసల జత మాత్రం క్షణకాలం తన హద్దు దాటి వంగింది. శక్తి చాలక కాదు, ఆ ఒక్క చోట తాడు ఆ క్షణంలో వదులైంది.

1996లో ఆస్ట్రేలియాలో జరిగిన రెండు పరిశోధనలు ఇదే దారిలోవి. పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ గమనించిందేమిటంటే, నడుము నొప్పి ఉన్నవారు చేయి ఎత్తేటప్పుడు పొట్ట లోపొరలోని అడ్డ కండరం ఆలస్యంగా స్పందిస్తోంది. జూలీ హైడ్స్ బృందం పూసల్ని అంటిపెట్టుకుని ఉండే మల్టిఫిడస్ అనే చిన్న కండరాన్ని చూసింది. మొదటిసారి నడుము పట్టేసినవారిలో నొప్పి తగ్గిపోయాక కూడా ఆ వైపు కండరం తనంతట తాను పూర్వస్థితికి రాలేదు. నొప్పి తగ్గడం, కోలుకోవడం ఒకటి కాదన్నమాట.

మొదటి పరిశోధన నుంచి ఒక ఫ్యాషన్ పుట్టింది. బొడ్డును లోపలికి పీల్చి పట్టుకుంటే ఆ లోపొర కండరం పని చేస్తుంది కాబట్టి అన్ని వ్యాయామాల్లోనూ బొడ్డు లోపలికి లాగమన్నారు. ఒక్క తాడును వెతికి బిగించే ఈ పద్ధతి మామూలు వ్యాయామం కంటే మెరుగైన ఫలితాలేమీ ఇవ్వలేదని తర్వాతి పోలికల్లో తేలింది. అయినా యోగా తరగతుల్లోనూ జిమ్‌లలోనూ ఆ సూచన ఇంకా బతికే ఉంది. బరువు లేపేటప్పుడు ఇప్పుడు ఎక్కువమంది నేర్పేది దానికి దాదాపు వ్యతిరేకం: ఎవరైనా పొట్టలో పిడికిలితో పొడవబోతే బిగించినట్టు చుట్టూ ఒకేసారి బిగించడం.

ఇలా బిగించేటప్పుడు ఊపిరి కూడా ఒక పనిముట్టే. పైన డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం), కింద కటి అడుగు కండరాలు, చుట్టూ పొట్ట గోడ కలిసి ఒక డబ్బాలా మారతాయి. మూత బిగించిన నీళ్ల సీసాను నలపడం కష్టం, మూత తీస్తే తేలిక. ఊపిరి నింపి బిగించిన పొట్ట ఆ మూత పెట్టిన సీసాలా వెన్నుకు ముందు నుంచి ఊతమిస్తుంది. దీనికి ఖరీదు ఉంది. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో అయిదుగురు బాడీబిల్డర్ల రక్తనాళంలోనే రక్తపోటు కొలిస్తే, భారీ బరువును కాళ్లతో నెట్టే లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు సగటున 320/250కి చేరింది. బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు ఊపిరి బిగబట్టే పద్ధతికి దూరంగా ఉండాల్సింది ఇందుకే. బరువు తగ్గించి, లేపేటప్పుడు ఊపిరి వదలడం వారికి సరిపోతుంది.

వంగితే ఏమవుతుంది?

వివాదమంతా ఇక్కడే. ఒక పక్షం చూపించే సాక్ష్యం పంది వెన్నెముక. వాటర్లూలోనే జాక్ కాలహాన్, స్టువర్ట్ మెక్‌గిల్ పంది మెడ పూసల్ని యంత్రంలో పెట్టి, ఓ మోస్తరు బరువు కిందే వేలసార్లు వంచి లేపారు. క్రమంగా డిస్క్ గుజ్జు నార పొరల్ని చీల్చుకుంటూ వెనక్కి ఉబికింది. ఈ ఫలితం 2001లో వచ్చింది. ‘వంగొద్దు’ అనే సలహాకు దీనికి మించిన చిత్రం లేదు. కానీ చనిపోయిన కణజాలం రాత్రి నిద్రపోయి కోలుకోదు, వారం వారం గట్టిపడదు.

రెండో పక్షం బతికున్న మనుషుల్ని చూపిస్తుంది. బరువు లేపేటప్పుడు నడుము ఎంత వంగిందో కొలిచిన అధ్యయనాల్ని కలిపి చూసిన 2020 నాటి ఒక సమీక్షలో, ఎక్కువ వంగేవారికే నొప్పి వస్తుందనడానికి ఆధారం దొరకలేదు. ఇంకో విషయం: న్యూట్రల్‌గా ఉంచామని నమ్మి స్క్వాట్ (బరువుతో గుంజీలు), డెడ్‌లిఫ్ట్ చేసేవారి నడుము కూడా కొలిచి చూస్తే చెప్పుకోదగినంత వంగుతూనే ఉంటుంది. కంటికి నిటారుగా కనిపించేది సెన్సర్‌కు అలా కనిపించదు.

వీటిని పక్కపక్కన పెడితే పెద్ద వైరుధ్యమేమీ లేదు. వంగడం వెన్నెముక చేయగల పని. ఎంత బరువు కింద, ఎన్నిసార్లు, ఏ స్థితిలో అన్నవి కలిసినప్పుడే అది సమస్య అవుతుంది. వరినాట్లు వేసే కూలీనీ, బస్తాలు మోసే హమాలీనీ పోల్చితే ఇది బాగా తెలుస్తుంది. హమాలీ వీపుపై భారం చాలా ఎక్కువ, కానీ బస్తా మెడ కిందుగా వెన్నుకు ఆనుకుని ఉంటుంది, మోసేది నిమిషాల సేపు. నాట్లు వేసే మనిషి చేతిలో నారుకట్ట తప్ప బరువు లేదు, అయినా గంటల తరబడి పూర్తిగా వంగే ఉంటుంది. మనిషి పూర్తిగా ముందుకు వంగినప్పుడు వెన్ను కండరాలు విద్యుత్ సంకేతాలు ఆపేసి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయని 1950ల్లోనే ఫ్లాయిడ్, సిల్వర్ అనే పరిశోధకులు రికార్డు చేశారు. అప్పుడు భారమంతా వెనక బంధాల మీద, డిస్క్ మీద వేలాడుతుంది. ఆ బంధాలు క్రమంగా సాగుతాయి. 20 నిమిషాలు అలా వంగి ఉన్నాక లేస్తే, అరగంట గడిచినా పూర్తి బిగువు తిరిగి రాదు. గట్టు మీదికొచ్చి వెంటనే ఎరువు బస్తా లేపే క్షణం అందుకే ప్రమాదకరం. గంటల తరబడి కుర్చీలో కూలబడి పనిచేసి నేరుగా జిమ్‌లో బరువుల బార్ పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పరిస్థితి కూడా చాలావరకు అదే. మధ్యలో పది నిమిషాల నడక ఆ తేడాను కొంత పూడుస్తుంది.

ఉదయం సంగతి వేరే చెప్పుకోవాలి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, మనిషి సాయంత్రం కంటే ఉదయం సుమారు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర పొడుగ్గా ఉంటాడు. ఉబ్బిన డిస్క్‌తో వంగితే నార పొరల మీద లాగుడు ఎక్కువ. తెల్లారి లేచాక మొదటి గంటలు నడుము వంచకుండా చూసుకున్న దీర్ఘకాలిక రోగులకు నొప్పి తగ్గిందని స్టోవర్ స్నూక్ బృందం 1998లో చూపింది. మంచం దిగగానే సూర్యనమస్కారాలు మొదలుపెట్టే అలవాటున్నవారిలో నడుము నొప్పి ఉన్నవాళ్లు కాస్త తిరిగొచ్చి, స్నానం అయ్యాక చేయడం మేలు.

నేల మీది బార్ లేపేటప్పుడు

సిద్ధాంతమంతా ఒక్క కదలికలో ఇమిడి ఉండేది డెడ్‌లిఫ్ట్‌లో. బార్ చివరలకు తగిలించే పోటీ ప్లేటు (గుండ్రటి బరువు) వ్యాసం 45 సెంటీమీటర్లు కాబట్టి బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చాలా జిమ్‌లలో కొత్తవారికి చిన్న ప్లేట్లు తగిలించి ఇస్తారు. బరువు తగ్గింది నిజమే, బార్ కూడా చీలమండల దగ్గరికి దిగిపోయింది! అందుకోవడానికి నడుము మరింత వంగాల్సి వస్తుంది. రెండు దిమ్మెల మీద ప్లేట్లు పెట్టి బార్‌ను మోకాలికి కాస్త దిగువ ఎత్తు దాకా పైకి తెచ్చుకోవడం సులువైన పరిష్కారం.

బార్ పాదం మధ్య గీతకు సరిగ్గా పైన ఉండాలి. వంగేది తుంటి దగ్గర. తలుపు వెనక నిలబడి పిరుదులతో తలుపు మూసినట్టు వెనక్కి తోస్తే మొండెం దానంతటదే ముందుకు వాలుతుంది, నడుము వంపు మారదు. దీన్ని నేర్పడానికి ఒక కర్ర చాలు: వీపు వెంట నిలువుగా పట్టుకుని వంగితే అది తల వెనక, వీపు మధ్య, త్రికం దగ్గర మూడు చోట్లా తగులుతూనే ఉండాలి. ఒక చోట వదిలిందంటే కదలిక తుంటిని దాటి వెన్నులోకి వచ్చినట్టు. తొడ వెనక కండరాలు బిగిసిపోయిన వారికి ఇది తొందరగా వదులుతుంది. వారు బార్ ఎత్తు పెంచుకుని అంతవరకే వంగడం మంచిది.

చేతులు బార్‌ను పట్టాక చంకలు బిగించాలి. చంకల్లో రుమాళ్లు పెట్టుకుని అవి పడిపోకుండా చూసుకోవాలని కోచ్‌లు చెబుతారు. దానివల్ల వీపు పక్కలనున్న పెద్ద కండరాలు బిగిసి, బార్‌ను కాళ్లకు ఆనించి ఉంచుతాయి. బస్తా లెక్కలో చూసిన దూరం ఇక్కడ తగ్గుతుంది. పొట్ట నిండా ఊపిరి, చుట్టూ బిగింపు. బార్‌ను లాగుతున్నట్టు కాకుండా నేలను పాదాలతో తోస్తున్నట్టు మొదలుపెడితే తొడలు పని అందుకుంటాయి. బార్ మోకాళ్లు దాటాక పిరుదు కండరాలు తుంటిని ముందుకు తెచ్చి పని ముగిస్తాయి. పైకి వచ్చాక వెనక్కి వాలిపోవడం అనవసరం, అక్కడ కదిలేది మళ్లీ నడుమే.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు లేపి కాంస్యం గెలిచారు. ఆ తరహా లిఫ్ట్‌లో బార్ నేల వదిలిన దగ్గర్నుంచి తొడల దాకా ఒంటికి దగ్గరగానే వస్తుంది. నిమ్మళంగా చూస్తే ఒలింపిక్ లిఫ్టర్ల వీపు నేలకు లంబంగా ఉండదు, బాగా వాలే ఉంటుంది. వాలు మారుతుంది, వంపు మారదు. ‘నిటారు’కు ఇంతకు మించిన నిర్వచనం అక్కర్లేదు.

మోతాదు ఎలా పెరగాలి

బరువును మందులా మోతాదు ప్రకారం పెంచే పద్ధతికి మూలపురుషుడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులతో షికాగోలోని ఆసుపత్రిలో క్రమంగా పెరిగే బరువులు ఎత్తించి, ఫలితాలను 1945లో ప్రచురించాడు. అప్పటిదాకా గాయపడ్డవారికి తేలికపాటి కదలికలే చాలునన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఈనాటి ప్రతి జిమ్‌లోనూ వినిపించే ‘పది రెప్‌లు, మూడు సెట్లు’ ఆయన పద్ధతి నుంచి వచ్చిందే.

కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి నెలలోనే ఆశ్చర్యపోయేంత ఎక్కువ బరువు ఎత్తగలుగుతారు. అప్పటికి కండ పెద్దగా పెరగదు, నాడులు ఉన్న కండరాన్ని ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటాయి. ఈ విషయాన్ని మొరిటాని, డివ్రీస్ 1979లో చూపించారు. కండర బంధాలు, డిస్క్‌లు అంత వేగంగా మారవు. డిస్క్‌కు నేరుగా రక్తనాళాలు దాదాపు లేవు, పోషకాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా ఊరుతూ చేరాలి. అంటే ఉత్సాహం ఒక వేగంతో, కణజాలం ఇంకో వేగంతో నడుస్తాయి. రెండో నెలలో, మూడో నెలలో నడుము పట్టేసిన కేసుల వెనక తరచూ ఉండేది ఈ అంతరమే. తోటివారితో పందేనికి ప్లేటు మీద ప్లేటు ఎక్కించడం సంగతి చెప్పక్కర్లేదు.

క్రమంగా చేసేవారిలో గాయాల రేటు జనం అనుకునే దానికంటే తక్కువ. పోటీ వెయిట్‌లిఫ్టర్లలో 1000 గంటల శిక్షణకు 2.4 నుంచి 3.3 గాయాలని ఒక సమీక్ష తేల్చింది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య 17.8. గాయం అంటే ఏమిటన్న నిర్వచనాలు అన్నిచోట్లా ఒకటి కావు కాబట్టి పోలిక కచ్చితం కాదు. అయినా పరుగు క్షేమం, బరువులు ప్రమాదం అన్న సాధారణ నమ్మకానికి అంకెల మద్దతు లేదు.

అరవై దాటిన నడుముకు

ముప్పై దాటాక కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతుంది, అరవై తర్వాత వేగం పెరుగుతుంది. ఆడవారిలో ముట్లుడిగాక ఎముక కూడా పలచబడుతుంది. ఈ వయసువారికి ‘నడక చాలు’ అనడం తెలుగు ఇళ్లలో మామూలు. నడక గుండెకు మంచిదే, వెన్నుపూసల ఎముకను గట్టిపరచడానికి మాత్రం అది చాలదు.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం నిర్వహించిన ‘లిఫ్ట్‌మోర్’ ప్రయోగం ఇక్కడ కీలకం. ముట్లుడిగి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలు ఇందులో పాల్గొన్నారు. ఒక జట్టు 8 నెలల పాటు వారానికి 2 రోజులు, రోజుకు అరగంట, నిపుణుల కళ్లెదుటే డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి బరువు నెట్టడం, ఎగిరి దిగడం చేసింది. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైబడిన బరువులు, 5 సెట్లు, సెట్టుకు 5 సార్లు. నడుము ఎముక సాంద్రత వారిలో 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలిక వ్యాయామం చేసిన జట్టులో 1.2 శాతం తగ్గింది. గూని కూడా కొంత తగ్గింది. వ్యాయామం వల్ల తలెత్తిన ఇబ్బంది ఒక్కటే, ఒకరికి స్వల్పంగా నడుము పట్టడం.

ఇక్కడ పైన చెప్పిన వంగుడు వివాదానికి ఒక మినహాయింపు ఉంది. ఎముకలు గుల్లబారిన స్త్రీలపై అమెరికాలోని మేయో క్లినిక్‌లో మెహర్‌షీద్ సినాకి 1984లో చేసిన అధ్యయనంలో, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి పూసలు కొత్తగా నలిగాయి. వెన్ను వెనక్కి చాచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికే అలా జరిగింది. అధ్యయనం చిన్నది, కానీ తేడా చిన్నది కాదు. ఆరోగ్యవంతుడికి ఫరవాలేని సిటప్‌లు, కాలి వేళ్లు అందుకునే వంగుళ్లు గుల్ల ఎముకకు సరిపడవు. ఒకే వీడియో చూసి అమ్మా కొడుకూ కలిసి వ్యాయామం చేసే ఇళ్లలో ఈ ఒక్క విషయం తెలియడం అవసరం.

ఎమ్మారై, బెల్టు, ఆగాల్సిన చోటు

నొప్పి లేనివారికి ఎమ్మారై తీసినా 20 ఏళ్లవారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష చెప్పింది. రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 బల్జ్’ (నడుములో నాలుగు, అయిదో పూసల మధ్య డిస్క్ ఉబికింది) అని ఉండగానే జీవితాంతం బరువులు మానేయడానికి అది చాలిన కారణం కాదు. నొప్పిని నిద్ర, మానసిక ఒత్తిడి, పని పరిస్థితులు కూడా పెంచుతాయి. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, అవగాహన కల్పించడాన్ని సిఫారసు చేశాయి. నడుము బెల్టులను, ట్రాక్షన్‌ను (వెన్నును లాగి సాగదీసే చికిత్స) వద్దన్నాయి. మందుల షాపులో దొరికే ఆ బెల్టు వేరు, లిఫ్టర్లు కట్టే తోలు బెల్టు వేరు. రెండోది బిగించిన పొట్ట ఎదురు తోయడానికి ఒక గోడనిస్తుంది, పొట్ట బిగించడం రానివారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

వ్యాయామం చేసిన మర్నాడు కండరాల్లో సలుపు ఉండటం సహజం. నడుములో మొదలైన నొప్పి పిరుదు దాటి మోకాలి కిందికి పాకుతుంటే బరువు తగ్గించి ఫిజియోథెరపిస్టును కలవాలి. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి ఉంటే వ్యాయామం కంటే ముందు పరీక్షలు కావాలి. పాదం పైకి లేవకపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం వెన్ను చివరి నాడులు నలుగుతున్నాయనడానికి గుర్తులు. ఇవి కనిపిస్తే మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు, వీలైతే అదే గంటలో, అత్యవసర విభాగానికి వెళ్లాలి.